వేరు పెట్టిన కంచం

దసరా వెళ్ళిన తర్వాతి ఆదివారం మా అక్క ఇంటికి పోయాను. షోలాపూర్ తూర్పు భాగంలో మన వాళ్ళ ఇళ్ళు ఎట్లుంటాయో చాలామందికి తెలిసిందే. ముందు గదిలో మంచం, టీవీ. వెనక గదిలో వంట. రెంటి మధ్య గోడకు గిన్నెల స్టాండు. చేతులు కడుక్కుని తిండికి కూర్చోబోతుంటే కిటికీ గూట్లో ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంచా విడిగా బోర్లించి కనిపించాయి. గ్లాసుకు ఎర్ర నూలు పోగు కట్టి ఉంది, మిగతావాటిలో కలిసిపోకుండా.

"ఇవెవరివక్కా?" అని అడిగాను.

"కోడలివి తమ్ముడూ. ఆమె రోగం వైరస్‌తోని వస్తదంట గద. ఫోన్ల వచ్చింది, మన చిన్నోడు చదివి చెప్పిండు. ఇంట్ల పసిపిల్లగాడున్నడు. ఏం జెయ్యమంటవ్?"

కోడలు గోడవైపు తిరిగి చపాతీలు ఒత్తుతోంది. ఏమీ అనలేదు. ఆ పిల్లకు ఇరవై ఏడేళ్ళు. రెండున్నరేళ్ళ కింద లూపస్ అని తేలింది. నాలుగేళ్ళ కొడుకును మూడు వారాలుగా ఆమె పక్కన పడుకోనివ్వడం లేదట. కొన్నాళ్ళు భివండీలో పుట్టింటికి పంపుదామా అనే మాట కూడా ఇంట్లో నడుస్తోంది.

నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్ళకు పైగా ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసి, మూత్రం చూసి, చీటీలు రాసి రిటైరైనవాణ్ణి. గల్లీలో ఎవరికి ఏ రిపోర్టు వచ్చినా "జర చూడు మామా, ఏం రాసిండ్రు" అని నా దగ్గరికే తెస్తారు. ఆ అలవాటుతోనే అక్క చేతిలో ఫోను తీసుకుని చదివాను. అందులో ఉన్నదంతా అబద్ధమైతే నా పని తేలికయ్యేది. సగం నిజమే ఉంది. ఆ సగాన్ని పట్టుకునే ఇంట్లో కంచం వేరు పడింది. ఇంకెన్ని ఇళ్ళలో పడిందో తెలియదు కనుక మొదటి నుంచి రాస్తున్నాను.

ఆ వైరస్ పేరు ఎప్‌స్టీన్-బార్ వైరస్. పొట్టిగా ఈబీవీ అంటారు. పిల్లలకు ఆటలమ్మ పోసే వైరస్‌కు ఇది దాయాది. ముఖ్యంగా ఎంగిలి ద్వారా ఒకరి నుంచి ఒకరికి పోతుంది. ప్రపంచంలో పెద్దవాళ్ళను నూరు మందిని తీసుకుంటే దాదాపు 95 మంది ఒంట్లో ఇది ఉంటుంది. మనలాంటి ఇరుకు ఇళ్ళలో, ఒకే కంచంలో నలుగురు పిల్లలు తినే చోట, చిన్నతనంలోనే వచ్చేస్తుంది. ఒక పూట ఒళ్ళు వెచ్చబడుతుంది, లేదా అదీ ఉండదు. తల్లికి కూడా తెలియదు. ఎవరి గది వారికి, ఎవరి కప్పు వారికి ఉండే దేశాల్లో చాలామందికి ఇది పదిహేను, ఇరవై ఏళ్ళ వయసులో తగులుతుంది. అప్పుడు మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. గొంతు నొప్పి, మెడ కింద గడ్డలు, జ్వరం, వారాల తరబడి నీరసం. దాన్ని వాళ్ళు ముద్దుల జబ్బు అని ఎగతాళిగా పిలుస్తారు.

ఒకసారి వచ్చిందంటే బతికున్నన్నాళ్ళూ పోదు. మన రక్తంలో రోగాలతో పోరాడే తెల్లకణాల్లో బీ కణాలని ఒక రకం ఉన్నాయి. వాటిలోనే దూరి నిద్రపోతుంది. అప్పుడప్పుడు లేచి మన ఎంగిలిలోకి వస్తుంది. మనకు ఏ బాధా ఉండదు, తెలియను కూడా తెలియదు.

"అక్కా, ఈ లెక్కన కోడలి కంచం ఒక్కటి వేరు పెడితే చాలదు. నీది, నాది, బావది, గల్లీలో అందరిదీ వేరు పెట్టాలి. మనవడికి నువ్వు నమిలి పెట్టిన ముద్దల్లోనే వాడికి ఎప్పుడో అంది ఉంటది" అన్నాను.

అక్కకు కోపం వచ్చింది. "అంటే నా ఎంగిలితోని పిల్లగానికి రోగం వస్తదా?"

రాదు. ఆమె ఎంగిలితో రాదు, కోడలి ఎంగిలితోనూ రాదు. ఒకరి నుంచి ఒకరికి పోయేది వైరస్. లూపస్ పోదు. ఒకే మంచం మీద పడుకున్నా, ఒకే గ్లాసుతో తాగినా, మొగుడూ పెళ్ళాలైనా అంటుకోదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఆ ఫోను వార్తలో ఎక్కడా లేదు.

ఈ వైరస్ బయటపడిన కథ నాలాంటి ల్యాబు మనిషికి చాలా ఇష్టమైనది. ఉగాండాలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ చిన్నపిల్లల దవడలకు వచ్చే ఒక వింత క్యాన్సర్ గడ్డను చూశాడు. 1961లో లండన్‌లో దాని గురించి ఉపన్యాసం ఇస్తే ఆంథొనీ ఎప్‌స్టీన్ అనే పరిశోధకుడు విన్నాడు. దీని వెనక వైరస్ ఉండాలని ఆయన అనుమానం. ఉగాండా నుంచి గడ్డ ముక్కలు విమానంలో తెప్పించుకుని చూస్తూ వచ్చాడు. రెండేళ్ళు ఏమీ దొరకలేదు. ఒకసారి పొగమంచు వల్ల విమానం లండన్‌లో దిగలేక మాంచెస్టర్‌కు పోయింది. ముక్క ఆలస్యంగా చేతికొచ్చేసరికి సీసాలో నీళ్ళు మసకగా ఉన్నాయి. మసక నీళ్ళంటే కుళ్ళిందని లెక్క. నేనైతే సింకులో పారబోసేవాణ్ణి. ఆయన పారబోయకుండా ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టాడు. కుళ్ళు కాదు, గడ్డ నుంచి విడిపోయిన కణాలు బతికి తేలుతున్నాయి. వాటిని పెంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే వైరస్ కనిపించింది. 1964లో ఎప్‌స్టీన్, ట్రినిడాడ్‌లో పుట్టిన బెర్ట్ అచాంగ్, ఐర్లండ్ అమ్మాయి ఇవాన్ బార్ కలిసి ఆ సంగతి ప్రకటించారు. వైరస్‌కు రెండు పేర్లే అంటుకున్నాయి. అచాంగ్ పేరు రాలేదు.

ఆ తర్వాత కథలో అసలు మనిషి ఒక ల్యాబు టెక్నీషియన్. అమెరికాలో ఫిలడెల్ఫియాలో హెన్లే దంపతులు ఈ వైరస్ మీద పని చేస్తున్నారు. ఎవరి రక్తం చూసినా సోకిన గుర్తులుండేవి. లేని కొద్దిమందిలో వాళ్ళ దగ్గర పని చేసే అమ్మాయి ఒకరు. అందుకని పోల్చి చూడటానికి ఆమె రక్తమే వాడుకునేవారు. 1967లో ఆమెకు ఆ ముద్దుల జబ్బు వచ్చింది. కోలుకుని పనికి వచ్చాక మళ్ళీ చూస్తే రక్తంలో గుర్తులు కనిపించాయి. ఆ జబ్బుకు ఈ వైరస్సే కారణమని అట్లా తెలిసింది. మా పని చేసేవాళ్ళ పేర్లు పుస్తకాల్లోకి రావు, రక్తం మాత్రం వస్తుంది.

ఇక లూపస్. ఇది ఆటోఇమ్యూన్ జబ్బు. ఇంటికి పెట్టుకున్న కాపలావాడు దొంగను వదిలి ఇంటివాళ్ళనే కొట్టడం మొదలుపెడితే ఎట్లుంటుందో అట్లాంటిది. రోగాలను అడ్డుకోవాల్సిన శక్తి సొంత ఒంటినే పరాయిదనుకుంటుంది. చర్మం, కీళ్ళు, రక్తం, మూత్రపిండాలు, దేన్నైనా పట్టుకోవచ్చు. పది మంది లూపస్ రోగుల్లో తొమ్మిది మంది ఆడవాళ్ళే, అందులోనూ చాలామంది పిల్లలు కనే వయసువాళ్ళు. ఎండలోకి పోతే ముక్కుకు రెండువైపులా బుగ్గల మీద ఎర్రగా కమలడం, జుట్టు ఊడటం, కీళ్ళ నొప్పులు, ఊరికే అలసిపోవడం. మన ఇళ్ళలో వీటిని ఎవరూ జబ్బనుకోరు. కండెలు చుట్టే పనివల్ల చేతులు నొప్పి, బీడీల పనివల్ల వేళ్ళు నొప్పి, కాన్పు అయ్యాక జుట్టు ఊడింది అని దాటేస్తాం. మా కోడలి విషయంలోనూ ఏడాదిన్నర అట్లాగే పోయింది.

ఈబీవీకీ ఈ జబ్బుకూ సంబంధం ఉందని ఎందుకంటున్నారు? అమెరికాలో లూపస్ ఉన్న చిన్న వయసువాళ్ళను పరీక్షించి 1997లో ఒక లెక్క ఇచ్చారు. 117 మందిలో 116 మందికి ఈబీవీ సోకిన గుర్తులున్నాయి. జబ్బు లేని అదే వయసువాళ్ళు 153 మందిలో 107 మందికే ఉన్నాయి. పెద్దవాళ్ళలో ఈ తేడా పట్టుకోవడం కష్టం, అందరికీ వైరస్ ఉంటుంది కనుక. అందుకే చిన్నవాళ్ళను చూశారు. 2018లో సిన్సినాటి పిల్లల ఆసుపత్రి పరిశోధకులు ఇంకో సంగతి చెప్పారు. లూపస్ ముప్పును పెంచే చోట్లు మన జన్యువుల్లో కొన్ని ఉన్నాయి. ఈ వైరస్ తయారుచేసే ఒక ప్రోటీన్ ఆ చోట్లలో దాదాపు సగం మీద వచ్చి కూర్చుంటుంది. 2025 నవంబరులో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు బీ కణాలను ఒక్కొక్కటిగా విడదీసి చూశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో పది వేల కణాల్లో ఒకదానిలో కూడా వైరస్ ఉండదు. లూపస్ రోగుల్లో సుమారు 400 కణాలకు ఒకదానిలో ఉంది. పైగా ఏ కణాలు ఒంటిమీద తిరగబడే రకమో వాటిలోనే దూరి వాటిని రెచ్చగొడుతోందని వాళ్ళ మాట. మా చిన్నోడి ఫోనుకు వచ్చింది ఈ చివరి వార్తే, తలా తోకా కోసేసి.

ఇంతకంటే గట్టి రుజువు ఇంకో జబ్బులో దొరికింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని నరాల జబ్బు. కరెంటు వైరు మీది తొడుగు ఒలిచిపోయినట్టు నరాల మీది పొర దెబ్బతింటుంది. చూపు మసకబారుతుంది, కాళ్ళు తడబడతాయి. మన దేశంలో తక్కువ, చల్లని దేశాల్లో ఎక్కువ. అమెరికా సైన్యంలో అందరికీ ఎప్పటికప్పుడు ఎయిడ్స్ పరీక్షకు రక్తం తీస్తారు, మిగిలింది దాచిపెడతారు. అట్లా ఇరవై ఏళ్ళ పాటు కోటి మందికి పైగా సైనికుల లెక్కలు, రక్తం హార్వర్డ్ పరిశోధకులకు దొరికాయి. వారిలో 955 మందికి ఆ నరాల జబ్బు వచ్చింది. చూడటానికి సరిపడా రక్తం ఉన్నది 801 మందిది. వాళ్ళలో 35 మందికి మొదట్లో ఈబీవీ లేదు. జబ్బు మొదలయ్యేలోపు ఒక్కరికి తప్ప మిగిలిన 34 మందికీ సోకింది. ఈబీవీ సోకాక ఈ జబ్బు వచ్చే ముప్పు 32 రెట్లు పెరిగినట్టు లెక్క తేలింది. ఎంగిలితోనే పోయే మరో వైరస్‌ను కూడా పక్కన పెట్టి చూశారు, దానివల్ల ముప్పు పెరగలేదు. ఇది 2022 జనవరిలో అచ్చయింది. వైరస్ ముందు వచ్చింది, జబ్బు తర్వాత వచ్చింది అని ఇంత స్పష్టంగా చూపడం అంతకుముందు కుదరలేదు.

అదే నెలలో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఇది ఎట్లా జరుగుతుందో ఒక దారి చూపించారు. వైరస్ ప్రోటీన్‌లో ఒక ముక్క, మెదడులోని ఒక ప్రోటీన్ ముక్క చూడటానికి ఒకేలా ఉన్నాయి. కార్ఖానాలో సాయంత్రం వెలుతురు తగ్గినప్పుడు రెండు కోన్ల నూలు ఒకే రంగని పొరబడి ఎక్కిస్తాం కదా, ఒంటి కాపలా కూడా అట్లా పొరబడుతుంది. వైరస్ మీదికి తయారుచేసిన ఆయుధం సొంత నరం మీద పడుతుంది.

ఇన్ని చెప్పాక అక్క అడిగిన ప్రశ్నే మీరూ అడుగుతారు. "మరి అందరికుంటె ఈమెకే ఎందుకొచ్చింది?"

నూరు మందిలో 95 మందికి ఉన్నది నూటికి ఒకరికి కూడా రాని జబ్బుకు ఒంటరిగా కారణం కాలేదు. పుట్టుకతో వచ్చిన జన్యువులు కావాలి. ఆడవాళ్ళ ఒంట్లోని హార్మోన్ల పాత్ర ఉంది. ఎండ రెచ్చగొడుతుంది. అచ్చు గుద్దినట్టుండే కవలల్లో ఒకరికి లూపస్ ఉన్నా రెండోవారికి ఎక్కువసార్లు రాదు. అందుకే పుట్టింటివాళ్ళ నెత్తురు చెడ్డదనే మాట కూడా నిలవదు. ఇంకో అనుమానమూ ఉంది, అది నాకూ సబబుగానే తోస్తుంది. కాపలా దెబ్బతిన్న ఒంట్లో నిద్రపోతున్న వైరస్ లేచి పెరగడం సహజం. అంటే రోగుల్లో వైరస్ ఎక్కువ కనిపించడం జబ్బుకు కారణమా, జబ్బు వల్ల వచ్చిన ఫలితమా? లూపస్‌లో ఇది పూర్తిగా తేలలేదు. సైనికుల లెక్క లాంటిది లూపస్‌కు కూడా దొరికితే తేలుతుందేమో.

కీళ్ళవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ విషయంలోనూ ఈ వైరస్ మీద 1970ల నుంచి అనుమానం ఉంది, రుజువు ఇంకా బలహీనమే. దానికి సంబంధించి మనం ఎక్కువగా పట్టించుకోవాల్సిన సంగతి వేరే ఉంది. మలేషియాలో చేసిన ఒక పరిశీలనలో పని చోట బట్టల ధూళి పీల్చిన ఆడవాళ్ళకు ఈ కీళ్ళవాతం వచ్చే ముప్పు దాదాపు మూడింతలు కనిపించింది. పొగ తాగడం కూడా ముప్పును పెంచుతుందని గట్టిగా తేలింది. నూలు నుసిలో పన్నెండు గంటలు నిలబడి, తువ్వాలు ముక్క కూడా ముక్కుకు కట్టుకోని మనం, కోడలి గ్లాసుకు మాత్రం దారం కడతాం. (అక్కతో ఈ మాట అనలేదు. ఆమె ముప్పై ఏళ్ళు ఆ నుసిలోనే కండెలు చుట్టింది.)

మాటల్లో ఉండగానే కోడలు నీళ్ళు తెచ్చి పెట్టింది. ఆమె పాదాలు చూశాను. పట్టీల కింద చర్మం ఉబ్బి ఉంది. కూర్చోమని, మడమ పైన ఎముక మీద బొటనవేలితో ఒత్తాను. గుంట పడి అట్లే ఉండిపోయింది.

"బిడ్డా, మందులు వేసుకుంటున్నవా?"

ఆమె అత్త వైపు చూసింది. "లేదు మామా. ఆరు వారాలైంది. ఆ మందులు ఒంట్ల శక్తి తగ్గిస్తయంట, తగ్గితె వైరస్ పెరుగుతదంట. వైరస్‌ను చంపే పొడి ఇచ్చిండ్రు. అది వేసుకుంటున్న."

ఆ పొడి ఇచ్చినవారెవరో ఇక్కడ రాయను. నెలకు పద్దెనిమిది వందలు తీసుకున్నారు. ఒంట్లో నిద్రపోతున్న ఈబీవీని తుడిచిపెట్టే మందు ఈరోజుకు లోకంలో ఎక్కడా లేదు, ఇంగ్లీషు మందు లేదు, పొడీ లేదు. రాకుండా ఆపే టీకా కూడా ఇంకా రాలేదు, పరీక్షలు నడుస్తున్నాయి. లూపస్‌కు వాడే మందుల్లో ముఖ్యమైనది హైడ్రాక్సీక్లోరోక్విన్. కరోనా కాలంలో మీరంతా పేరు విన్నదే, మొదట మలేరియాకు వాడేవారు. అది జబ్బు తిరగబెట్టకుండా కాస్తుంది, మూత్రపిండాలను కాపాడుతుంది. డాక్టరు చెప్పినట్టు కళ్ళ పరీక్ష చేయించుకుంటూ ఏళ్ళ తరబడి వాడవచ్చు. కడుపుతో ఉన్నప్పుడు కూడా సాధారణంగా కొనసాగించమనే చెబుతారు. దానితోపాటు స్టెరాయిడ్ ఉంటే అది ఒక్కసారిగా ఆపడం ఇంకా ప్రమాదం. కొన్ని మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయన్నది నిజమే. కాపలావాడు ఇంటివాళ్ళను కొడుతున్నప్పుడు అతని చేతిలో కర్ర లాక్కోవాలి కదా. ఎంత లాక్కోవాలో చూసుకోవడానికే డాక్టర్లు మాటిమాటికి రక్తం చూస్తారు.

మర్నాడు పొద్దున మూత్రం తెప్పించి పాత ల్యాబులో చూశాను. సీసాలో నురుగు నిలబడింది. ప్రోటీన్ మూడు ప్లస్‌లు. లూపస్ మూత్రపిండాల్లోకి దిగిందంటే మొదట్లో నొప్పి ఉండదు, మంట ఉండదు. నురుగు, వాపు, బీపీ, అంతే. అందుకే ఈ జబ్బు ఉన్నవాళ్ళకు క్రమం తప్పకుండా చేయించే మూత్ర పరీక్ష అన్నిటికంటే చౌక, అన్నిటికంటే విలువైనది. ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపాం. కిడ్నీ ముక్క తీసి చూశారు, మందులు మార్చారు. ఇంకో నెల పొడి మీద ఉండి ఉంటే ఏమయ్యేదని డాక్టరును నేనడగలేదు.

ఈ లోపు చిన్నోడు ఇంటి అందరికీ ఈబీవీ పరీక్ష చేయిద్దామన్నాడు. ఒక్కొక్కరికి వందల రూపాయలు. చేయిస్తే అందరికీ ఉందనే వస్తుంది. దానివల్ల ఎవరికి లూపస్ వస్తుందో తెలియదు, కోడలి వైద్యంలో ఒక్క మాత్రా మారదు. ఆ డబ్బుతో వదినకు ఎండకు పూసుకునే క్రీము, ఒక మంచి గొడుగు కొనమన్నాను. గొడుగు కొన్నాడు. క్రీము ఖరీదు చూసి వెనక్కి వచ్చాడు, మళ్ళీ పంపాను.

పుట్టింటికి పంపే మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. పిల్లవాడు తల్లి పక్కనే పడుకుంటున్నాడు. అక్క నా మాట పూర్తిగా నమ్మిందని చెప్పలేను. "నువ్వు చెప్పినవని కలిపిన" అంటుంది. మొన్న వెళ్తే కంచం స్టాండులో మిగతా కంచాల మధ్యే ఉంది. గ్లాసుకు ఎర్ర పోగు మాత్రం ఇంకా విప్పలేదు. విప్పబోతే మనవడు ఏడ్చాడట, దారం ఉన్న గ్లాసు తనదేనని.

మూత్రంలో ప్రోటీన్ ఒక ప్లస్‌కు దిగింది. వచ్చే మంగళవారం మళ్ళీ తెమ్మన్నాను.